దిగిన చోట్లు

“ఎక్కడ దిగావు?”

ప్రతి ఆదివారం మధ్యాహ్నం దాటాక ఆయన అడిగే మొదటి మాట అదే. ఎలా ఉందనీ అడగడు, దాహంగా ఉందా అనీ అడగడు, మోచేతి మీద ఆ గీరుకుపోయిన గుర్తేమిటనీ అడగడు. ఎక్కడ దిగావు, అంతే. ఆమె పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని, పాత పళ్ళ బ్రష్షుతో సైకిలు చైనులో ఇరుక్కున్న మట్టి గీకుతోంది. ఆయన గడప మీద నిలబడి, చెవి మీది పెన్సిలు తీసి, నోటుపుస్తకం తెరిచి సిద్ధంగా ఉన్నాడు.

“దిగలేదు.”

“గేటు దాటాక రాళ్ళ ఎక్కుడు ఉంటుంది కదా, అక్కడ?”

“అక్కడా దిగలేదు.”

“అయితే పచ్చ,” అని రాసుకున్నాడు. “టీ పెట్టు,” అని లోపలికి పోయాడు. ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల అడవి దారి ఆ ఒక్క ముక్కతో అయిపోయింది.

ఆయనకి ఊళ్ళో సైకిళ్ళ షాపు. ఊరి చుట్టూ కొండలు, కొండల నిండా అడవి, అడవి నిండా కలప లారీలు తొక్కి తొక్కి వదిలేసిన కంకర బాటలు. ఆ బాటల మీద తొక్కే గ్రావెల్ సైకిళ్ళకి, అంటే వంపు తిరిగిన హ్యాండిలూ కాస్త లావు టైర్లూ ఉన్నవాటికి, ఈ మధ్య గిరాకీ వచ్చింది. సైకిలు కొన్నవాడికి దారి కూడా చూపించాలి కదా అని ఆయన కిందటేడు ఒక పుస్తకం వేశాడు. ఇరవైనాలుగు దారులు. ఒక్కోదానికి ఒక పటం, పక్కన ఒక రంగు గుర్తు. ఆ రంగు ఎలా తేల్చాడో చెప్పిన ముందుమాటే పుస్తకానికి పేరు తెచ్చింది. “ఈ దారులన్నీ మా ఆవిడ చేత తొక్కించాను. కాలు కింద పెట్టకుండా ఆవిడ ఎక్కితే పచ్చ. ఒకటి రెండు చోట్ల దిగితే పసుపు. దిగి తోసుకుంటూ పోతే ఎరుపు. మా ఆవిడ ఎక్కిందంటే ఇక ఎవరైనా ఎక్కగలరు, భయపడకండి!”

ఊరంతా నవ్వింది. షాపుకి వచ్చినవాళ్ళు ఆమెకి మీటరమ్మ అని పేరు పెట్టారు. “ఏం మీటరమ్మగారూ, ఈ వారం ఎన్నిసార్లు దిగారు?” అని ఎదురుపడితే చాలు ఇకిలింపులు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చాననే సామెత ఎందుకు పుట్టిందో ఆమెకి అప్పుడు అర్థమైంది. అయినా ఏడవలేదు. ఏడవడానికి తీరికెక్కడిది?

ఆరేళ్ళ కింద మొదటిసారి ఎక్కించినప్పుడు నాలుగు కిలోమీటర్లకి పదకొండుసార్లు దిగింది. నిజమే. పైన మలుపు దగ్గర ఆయన సైకిలు చెట్టుకి ఆనించి, నీళ్ళు తాగుతూ, వేళ్ళు మడిచి మరీ లెక్కపెట్టాడు. ఆ తర్వాత రెండేళ్ళకి ఆయనకి మోకాలు నొప్పి మొదలైంది. అప్పట్నుంచీ దారికి ఈ కొసన ఆమెనీ సైకిల్నీ వ్యానులోంచి దింపి, ఆ కొసన వ్యానాపుకుని, సీటు వెనక్కి వాల్చి కునుకు తీస్తాడు. అడవిలోకి పోయేది ఆమె ఒక్కతే. ఏ గేటుకి తాళం ఉంటుందో, ఏ వాగు వానొస్తే చక్రం మునిగేదాకా పారుతుందో, దుంగల డిపో కుక్కలు ఎంతదూరం తరుముకొచ్చి ఆగిపోతాయో, అన్నీ చూసి రాసేది ఆమే. కంకర ఎంతుందో రాయమంటే మొదట్లో తెలియక తనకి తెలిసిన కొలతే రాసింది: బఠాణీ గింజంత, కోడిగుడ్డంత, ఉల్లిపాయంత. ఆయన చదివి, “ఇదేమన్నా కూరల బజారా?” అని కొట్టేయబోయి, ఎందుకో ఉంచాడు. పుస్తకం వచ్చాక అందరూ ఆ కొలతల్నే మెచ్చుకున్నారు. ఉల్లిపాయంత రాయి అంటే ఎవరికైనా కంటికి కడుతుంది మరి. సైకిళ్ళవాళ్ళ సభలో ఎవరో అడిగితే, “సామాన్యుడికి అర్థం కావాలని అలా ఆలోచించాను” అన్నాడు ఆయన. వెనక వరసలో కూచున్న ఆమె అందరితోపాటు చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి తన చేతుల మీదే కోపం వస్తుంది.

ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా వంట ముగించి వెళ్తుందా, తిరిగొచ్చేసరికి సింకు నిండా గిన్నెలుంటాయి. “ఆదివారం నీకు ఆసుపత్రి లేదుగా, తీరిగ్గా తోముకుంటావని అట్టే పెట్టానమ్మా,” అంటుంది అత్తగారు, ఎంతో మేలు చేసినట్టు. ఆవిడ దృష్టిలో కోడలు చేసేది షికారు. పక్కింటావిడతో గోడ మీంచి అనడం చాలాసార్లు వినబడింది: “ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఈ వయసులో సైకిలేసుకుని అడవులట్టుకు తిరుగుతోంది. మావాడు మంచివాడు కాబట్టి సరిపోయింది.” షికారుకి వెళ్ళినవాళ్ళు ఎవరైనా వెనక్కొచ్చి రెండు సైకిళ్ళు కడుగుతారా? రెండోది ఆయనది. తొక్కకపోయినా దుమ్ము పడుతుంది కదా!

మిగిలిన ఆరు రోజులూ కళ్ళాసుపత్రి. వచ్చినవాళ్ళని గోడకున్న అక్షరాల అట్టకి ఎదురుగా నిలబెట్టి, ఒక కన్ను మూయించి, ఎన్నో వరస దాకా చదవగలిగారో రాసుకోవడం ఆమె పని. తనకంటే నాలుగేళ్ళు చిన్నవాడైన డాక్టరు ఇప్పటికీ “అమ్మాయ్” అనే పిలుస్తాడు, కాఫీ కూడా ఆమే తేవాలి. పదిహేనేళ్ళుగా ఆ అట్ట పక్కన నిలబడి ఆమె ఒకటి నేర్చుకుంది. కనబడనప్పుడు కనబడట్లేదని ఒప్పుకోవడం కొందరికి ప్రాణసంకటం. గొంతు పెంచి మరీ ఊహించి చెప్తారు. ఆమె మారుమాట్లాడకుండా, నిజంగా కనిపించిన వరస నంబరే వేస్తుంది.

మంగళవారం సాయంత్రం ఇంటికి ఒకావిడ వచ్చింది. ఆడపిల్లల బడిలో డ్రిల్ టీచరట. యాభై ఏళ్ళుంటాయి. మెడలో విజిల్ తీయడం కూడా మరిచిపోయి నేరుగా వచ్చేసినట్టుంది. ఆయన ముందు గదిలో మర్యాదగా కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు.

“సార్, మీ పుస్తకంలో వాగు దారికి పచ్చ వేశారు. అది నమ్మి మా బడి టీచర్లు ఎనిమిదిమందిని తీసుకెళ్ళాను. రెండో కిలోమీటరు నుంచీ అందరం తోసుకోవడమే. ఒకామె కళ్ళు తిరిగి పడిపోయింది. ఇంకొకామె దిగబోయి జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. అది పచ్చ ఎలా అవుతుందండీ?”

ఆయన మొహం మాడిపోయింది. వచ్చినవాళ్ళలో ఆవిడ మొదటిది కాదు. ఈ నెలలోనే ఇద్దరు షాపుకొచ్చి ఇదే మాటన్నారు. రెండో కూర్పు వచ్చే గురువారం ప్రెస్సుకి వెళ్ళాలి. ఆయన వంటింటి వైపు తిరిగి కేకేశాడు.

“ఇలా రా. వాగు దారిలో ఎక్కడ దిగావు?”

ఆమె ఉల్లిపాయ తరుగుతున్న చేత్తోనే వచ్చింది. “దిగలేదండీ. అప్పుడే చెప్పాను కదా.”

“ఎనిమిదిమంది తోసుకుంటూ పోయిన చోట నువ్వొక్కదానివీ ఎక్కేశావా? పరాయివాళ్ళ ముందు నన్ను వెధవని చెయ్యకు. తోశావా లేదా?”

“తోయలేదు.”

“అదీ సంగతి,” అన్నాడు ఆయన డ్రిల్ టీచరుతో, జబ్బేదో దొరికిపోయిన వైద్యుడిలా. “మీటరమ్మా మీటరమ్మా అని అందరూ ఆటపట్టిస్తున్నారని రోషం పట్టుకుందండీ ఈవిడకి. దిగినచోట దిగలేదని రాయించింది. తన పరువు చూసుకుని నా పుస్తకం పరువు తీసింది.”

మూలన మంచమ్మీంచి అత్తగారు అందుకుంది. “తోస్తే తోశానని చెప్పొచ్చు కదమ్మా. దిగి తోస్తే అందులో సిగ్గేముంది?”

ఆమె తడి చెయ్యి తుడుచుకుంది. కళ్ళు మండుతున్నాయి, ఉల్లిపాయల వల్ల అని అందరూ అనుకునే ఉంటారు. ఆరేళ్ళలో ఒక్కసారి, ఒక్క రాయి గురించైనా ఆమె అబద్ధం రాయలేదు. ఎవరో తెలియనివాళ్ళు తన మాట పట్టుకుని అడవిలోకి వస్తారని, వాళ్ళకి చీకటి పడకూడదని, వాళ్ళ నీళ్ళ సీసా మధ్యలో ఖాళీ కాకూడదని, అడుగడుగూ చూసి రాసింది. ఇంట్లో తనదంటూ ఉన్నది ఆ నిజమొక్కటే. ఇప్పుడు అదీ అబద్ధమంటున్నాడు. అదీ పరాయి మనిషి ముందు.

డ్రిల్ టీచరు వెళ్ళేటప్పుడు ఆమే గేటు దాకా సాగనంపింది. గేటు దగ్గర ఆవిడ ఆగి, ఆమెని తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది.

“నిజంగా దిగలేదా?”

“ఒట్టు. నాకు అది కష్టంగానే అనిపించలేదండీ.”

“ఎన్నేళ్ళబట్టీ తొక్కుతున్నారు?”

“ఆరేళ్ళు. ప్రతి ఆదివారం.”

ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వులో వెటకారం లేదు. “ముప్ఫై ఏళ్ళుగా పిల్లల్ని పరిగెత్తిస్తున్నాను తల్లీ, ఇంత చిన్న విషయం మీ ఆయనకి తట్టలేదా? మీ పిక్కలు ఎప్పుడైనా చూసుకున్నారా? సాగిపోయిన టేపుతో కొలిస్తే బట్ట కురచగానే వస్తుంది. మీరు బలపడ్డారు. అంతే జరిగింది.”

ఆమె లోపలికొచ్చి పడగ్గది తలుపు వేసుకుంది. బీరువా అద్దంలో నడుము దాకానే కనిపిస్తుంది, బొట్టూ తలా సరిచూసుకోవడానికి అంతకంటే అక్కర్లేదు కదా. స్టూలు లాక్కుని ఎక్కి నిలబడింది. ఎక్కి, వెనక్కి తిరిగి, మెడ తిప్పి చూసుకుంది. మోకాళ్ళ కింద రెండు పిక్కలూ గట్టిగా, నున్నగా, ఎవరివో అన్నట్టు ఉన్నాయి. కాలి మడమ ఎత్తితే కండ పైకి జరిగింది. నలభై ఒక్క ఏళ్ళ మనిషి స్టూలు మీద నిలబడి మడమ ఎత్తుతూ దించుతూ ఎంతసేపు చూసుకుందో ఆమెకే తెలియదు. “కూర మాడుతోందే!” అని అత్తగారు అరిచేదాకా దిగలేదు.

ఇది ఆయనకి చెప్పింది కూడా. “నాకు బలమొచ్చింది, అందుకే అన్నీ పచ్చలవుతున్నాయి,” అంది. ఆయన నవ్వి, “నీకు బలమా? మొన్న సిలిండరు జరపమంటే నన్ను పిలిచావుగా,” అన్నాడు. పిలిచింది నిజమే. మొగుడుండగా ఒక్కదానివే ఎందుకు జరిపావని పోయినసారి అత్తగారు సాధించింది కాబట్టి పిలిచింది. ఈ ఇంట్లో బలం ఉంటే తప్పు, లేకపోతే నవ్వులాట. ఏం చెప్పి ఏం లాభం?

ఆ రాత్రి భోజనాల దగ్గరే ఆయన కొత్త ముందుమాట చదివి వినిపించాడు. అందులో ఒక వాక్యం ఉంది: “దిగిన చోట కూడా దిగలేదని మా ఆవిడ చెప్పడం వల్ల మొదటి కూర్పులో కొన్ని పొరపాట్లు దొర్లాయి. పాఠకులు మన్నించాలి.”

“అది తీసెయ్యండి,” అంది ఆమె.

“ఆదివారం పెద్ద ఎక్కుడు చూడాలి కదా. ఈసారి నేనూ తొక్కుతూ నీ వెనకే వస్తా. నువ్వెక్కడ దిగుతావో నా కళ్ళతో చూస్తా. దిగకపోతే తీసేస్తా, సరేనా?”

పెద్ద ఎక్కుడు అంటే కలప లారీలు సైతం మానేసిన పాత బాట. తొమ్మిది కిలోమీటర్లు, ఏడు మలుపులు, మధ్యలో చదునన్నది లేదు. రెండో కూర్పుకి అదే తలమానికం. దానికి ఎరుపు పడితీరాలని ఆయన ముందే నిర్ణయించుకున్నాడు.

ఆదివారం పొద్దున్న మంచు ఇంకా కొమ్మల మీద ఉండగానే మొదలుపెట్టారు. మొదటి మలుపు దాకా ఆయన వెనక నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు. గేరు మార్చు, ఎడమకి రా, తొందరపడకు. రెండో మలుపు దగ్గర మాటలు తగ్గాయి. మూడోది దాటాక చైను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అక్కణ్ణుంచి కంకర కోడిగుడ్డంత. కూర్చుంటే ముందు చక్రం లేస్తుంది, నిలబడితే వెనక చక్రం జారుతుంది. సీటు అంచుకి జరిగి, ఛాతీ హ్యాండిలు మీదికి వంచి, ఊపిరిని కాళ్ళతో కలిపి తొక్కాలి. ఇది ఆమెకి ఎవరూ నేర్పలేదు. కింద పడి పడి నేర్చుకుంది. నాలుగో మలుపు తిరుగుతూ కిందికి చూసింది. ఆయన సైకిలు దిగి, తల వంచుకుని తోస్తున్నాడు. ఐదో మలుపు నుంచి చూస్తే మళ్ళీ తోస్తున్నాడు. ఆరో మలుపులో కంకర ఉల్లిపాయంతయింది. ఆమె తొడలు మండిపోయాయి, గుండె చెవుల్లో కొట్టుకుంది, కాలు కింద పెట్టేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. పెడితే ఆ వాక్యం అచ్చవుతుంది. పెట్టలేదు. ఆ వంపులో కిందికి చూస్తే ఆయన మూడోసారి కూడా దిగి ఉన్నాడు, ఈసారి ఒక రాతి మీద కూచుని మోకాలు రుద్దుకుంటూ.

జాలి వేయలేదా అంటే వేసింది. ఆ మోకాలికి రాత్రుళ్ళు కాపడం పెట్టేది ఆమే కదా.

కొండ కొన మీద ఆమె ఇరవై నిమిషాలు కూచుంది. చివరి మలుపు దగ్గర ఆయన మళ్ళీ ఎక్కి, కనిపించే దూరమంతా తొక్కుకుంటూ వచ్చాడు. మొహం బీట్‌రూటు దుంపలా ఎర్రబడింది. ఆమె నీళ్ళ సీసా అందించింది. ఆయన తాగేదాకా ఆగి, జేబులోంచి తన నోటుపుస్తకం తీసింది.

“ఎక్కడ దిగారు?”

ఆయన మూతి తుడుచుకున్నాడు. చెట్ల వైపు చూశాడు.

“దిగలేదు,” అన్నాడు.

ఆమె నమ్మలేకపోయింది. మోకాలు నొప్పెట్టిందంటే అయిపోయేది. గేరు పట్టేసిందన్నా ఒప్పుకునేది. ఆరేళ్ళుగా తను చెప్పిన నిజాన్ని అబద్ధమన్న మనిషి, అదే మాటని అబద్ధంగా, కన్నార్పకుండా, అంత తేలిగ్గా చెప్పేశాడు. దొంగే దొంగా దొంగా అని అరవడం అంటే ఇదే.

“నేనూ దిగలేదు,” అంది. “ఇద్దరమూ దిగలేదు. అయితే దీనికి పచ్చేగా?”

ఆయన సీసా మూత బిగించి, వదులు చేసి, మళ్ళీ బిగించాడు. “ఎరుపు వెయ్యి,” అన్నాడు చివరికి.

“ఎవరూ దిగందే ఎరుపు ఎలా వేస్తామండీ?”

“వెయ్యమన్నానా లేదా!”

కొండ దిగి, కింద వదిలిన వ్యానులో సైకిళ్ళు ఎక్కించి ఇంటికి బయల్దేరారు. సగం దారిలో ఆయన మామూలు గొంతుతో, షాపులో అరిగిపోయిన టైరు గురించి చెప్పినట్టు చెప్పాడు. “నువ్విక కొలతకి పనికిరావు. వచ్చే నెల నుంచి తమ్ముడి భార్యని పిలుద్దాం. దానికి సైకిలు బ్యాలెన్సు కూడా సరిగా లేదు. అలాంటి మనిషయితేనే సరిగ్గా తెలుస్తుంది. నువ్వు దానికి తోడు వెళ్ళి రాసుకురా చాలు.”

ఆమె కిటికీలోంచి చూస్తూ కూచుంది. తను బలహీనంగా ఉన్నన్నాళ్ళే ఈయనకి పనికొచ్చింది. బలం వచ్చిందని తేలాక సంతోషించడానికి ఒక్క క్షణం కూడా దొరకలేదు ఈ మనిషికి, వెంటనే ఇంకో బలహీనురాలు కావాలి. ఆ పిల్ల కూడా పదకొండుసార్లు దిగుతుంది, ఈయన వేళ్ళు మడుస్తాడు, ఊరు నవ్వుతుంది. పైగా ఆ పిల్ల దిగిన చోట్లు రాసేది తనే!

“మరి ఆ వాక్యం తీసేస్తారుగా?” అని మాత్రం అడిగింది.

“ఏ వాక్యం? ఓ, అదా. చూద్దాంలే.”

బుధవారం ప్రూఫులొచ్చాయి. ప్రూఫులు దిద్దేది ఎప్పుడూ ఆమే. మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి భోజనానికొచ్చి బల్ల మీద పరుచుకుంది. ముందుమాటలో ఆ వాక్యం అలాగే ఉంది. దిగిన చోట కూడా దిగలేదని మా ఆవిడ చెప్పడం వల్ల. షాపుకి ఫోను చేసి అడిగింది.

“జనానికి ఏదో ఒక కారణం చెప్పాలి కదా,” అన్నాడు ఆయన. అవతల ఎవరో టైరులో గాలి కొడుతున్నారు. “నీ పేరు వేశానా ఏమన్నానా? మా ఆవిడ అన్నాను, అంతే. ఇంత చిన్నదానికి రాద్ధాంతం చెయ్యకు. కామాలు సరిచూసి పంపించెయ్.”

ఆమె ఫోను పెట్టేసింది. ఆసుపత్రికి మళ్ళీ ఫోను చేసి ఈ పూట రానని చెప్పింది. “అదేంటమ్మాయ్, మరి కాఫీ...” అని డాక్టరు అంటుండగానే పెట్టేసింది. అటక మీంచి ఆరేళ్ళ నోటుపుస్తకాలు దింపింది. పదిహేడున్నాయి. ఎర్ర సిరా పెన్ను తీసుకుంది. “అన్నం తినవా?” అంటే, “మీరు వడ్డించుకోండి అత్తయ్యా,” అంది. అత్తగారు తెల్లబోయి చూసి, ఆ ఇంట్లో ఎన్నో ఏళ్ళ తర్వాత గరిటె చేతపట్టింది.

ముందుమాట మొత్తం అడ్డంగా కొట్టేసింది. పక్క కాగితం మీద కొత్తది రాసింది. ఈ దారులన్నీ తొక్కిందీ రాసిందీ నేను. మొదటి పన్నెండు దారులు తొక్కినప్పుడు నాకు బలం లేదు, వాటి రంగులు నమ్మవచ్చు. తర్వాతవి తొక్కేనాటికి నాకు బలం వచ్చింది, అది ఎవరూ గమనించలేదు, నేను కూడా. అందుకని వాటికి పచ్చ తీసేసి, ఎక్కుడు ఎంతదూరం, కంకర ఎంత లావు అన్నది మాత్రమే ఇచ్చాను. ఇకముందు ఏ దారికీ ఏ మనిషీ కొలత కాదు. కింద తన పేరు రాసింది. దారుల పేజీలన్నీ తిరగేసి రంగులు దిద్దేసరికి ఎండ గోడ దిగిపోయింది. చివరి పేజీ పెద్ద ఎక్కుడు. దాని కింద రెండు వాక్యాలు చేర్చింది. ఒకటి అత్తగారిదే, దాదాపు.

ప్రూఫులు సంచిలో పెట్టుకుని, తన సైకిలు తీసి, ప్రెస్సుకి తొక్కుకుంటూ వెళ్ళింది. ప్రెస్సు యజమాని కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి ఎర్ర సిరా పేజీలు తిరగేశాడు. కిందటేడు ఆయనకి ఆ అద్దాల నంబరు రాసింది ఆమే.

“చాలా మార్పులున్నాయమ్మా. సారు చూశారా ఇవన్నీ?”

“ఆయన ఎప్పుడు చూశారండీ?” అంది ఆమె. “ఎప్పుడూ నేనేగా తెచ్చిచ్చేది.”

అదీ నిజమే అన్నట్టు ఆయన తలూపి, చివరి పేజీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, అలవాటు కొద్దీ పైకి చదివాడు.

“పెద్ద ఎక్కుడు. ఎరుపు. ఇక్కడ దిగి తోస్తే సిగ్గేమీ లేదు. మొదటి కూర్పు రచయిత కూడా మూడుచోట్ల దిగారు.”